ముందువాని చూపు, వెనుకవారి ప్రాణం



2017 జనవరిలో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర, కృష్ణానది మీద బ్రిటన్ పైలట్లు విమాన విన్యాసాలు చేశారు. వారి నాయకుడు మార్క్ జెఫరీస్ తన దేశంలో తొమ్మిదిసార్లు ఛాంపియన్‌గా నిలిచినవాడు. అటువంటి వింత చూసి ఇంటికి వచ్చిన పిల్లవాడు "నేనూ అలా ఎగురుతా" అనడం సహజమే. ఆ మాట విన్న తల్లిదండ్రులు నవ్వి ఊరుకోకుండా ఆ బ్రతుకు ఎటువంటిదో తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మన దేశంలో ఈ విద్యకు పేరుపొందినది వైమానిక దళంలోని సూర్యకిరణ్ బృందం. 1996లో బీదర్‌లో ఏర్పడింది. బీదర్ కర్ణాటకలోనిదైనా మన జహీరాబాదుకు దగ్గరే. మొదట కిరణ్ విమానాలు నడిపేవారు. శిక్షణకు ఆ విమానాలు అవసరమై 2011లో బృందాన్ని ఆపివేశారు. 2015లో హాక్ విమానాలతో తిరిగి మొదలైంది. తొమ్మిది విమానాలు ఒక్క పక్షిలా కలిసి ఎగరడం వీరి ప్రత్యేకత.

ఈ బృందంలో నేరుగా ఎవరూ చేరలేరు. ఇంటర్మీడియట్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం చదివి నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష వ్రాయడం ఒక దారి, డిగ్రీ తర్వాత వైమానిక దళం పెట్టే పరీక్ష మరొక దారి. హైదరాబాదు దగ్గరి దుండిగల్ అకాడమీలో శిక్షణ పొంది, ఏళ్ల తరబడి యుద్ధవిమానాలు నడిపి అనుభవం గడించినవారినే ఇందులోకి ఎన్నుకుంటారు. ఆడపిల్లలకు కూడా ఆ వాకిలి తెరిచే ఉంది. 2016 జూన్‌లో దుండిగల్‌లోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లుగా నియమితులయ్యారు.

ఇక ఆ పని సంగతి. విమానానికీ విమానానికీ మధ్య ఎడం కొద్ది మీటర్లే. మన మెట్టపొలంలో గొర్రు తోలే రైతు పక్క సాలును చూసుకుంటూ ఎలా నడుస్తాడో, వెనుక పైలట్ ముందు విమానాన్ని చూసుకుంటూ అలా ఎగరాలి. నేల ఎక్కడుందో, ఆకాశం ఎటుందో అతడు చూడడు. ఆ భారమంతా నాయకునిదే.

విమానం ఒక్కసారిగా పైకి తిరిగినప్పుడు శరీరం బరువు నాలుగైదు రెట్లవుతుంది. అరవై కిలోల మనిషి రెండు వందల నలభై కిలోలు తూగినట్లుంటుంది. తలలోని రక్తం కాళ్లలోకి దిగి కళ్లు మసకబారుతాయి. కాళ్లూ పొట్టా గట్టిగా బిగబట్టి, ఊపిరి అదుపులో పెట్టుకొని పైలట్ స్పృహ నిలుపుకోవాలి. వెనుక కనిపించే పొగ ఇంజను మంట కాదు. వేడి గాలిలోకి నూనె చిమ్మితే వచ్చే ఆవిరి అది.

నాయకుడు తప్పితే ఏమవుతుందో అమెరికా చూసింది. 1982 జనవరి 18న నెవాడా ఎడారిలో థండర్‌బర్డ్స్ బృందం సాధన చేస్తుండగా ముందు విమానం పైకి లేవలేక నేలను తాకింది. దానినే చూస్తూ వస్తున్న తక్కిన మూడూ అదే వరుసలో కూలాయి. నలుగురూ మరణించారు.

మన నేల మీద కూడా ఆ దుఃఖం జరిగింది. 2010 మార్చి 3న బేగంపేటలో వైమానిక ప్రదర్శన జరుగుతుండగా నౌకాదళపు సాగర్ పవన్ విమానం ఒకటి బోయినపల్లి ఇళ్ల మధ్య కూలింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు. క్రింద ఉన్నవారికి గాయాలయ్యాయి. 2019 ఫిబ్రవరి 19న బెంగళూరు దగ్గర రెండు సూర్యకిరణ్ విమానాలు సాధనలో ఢీకొన్నాయి. ఇద్దరు పైలట్లు బయటపడ్డారు గాని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ ప్రాణం దక్కలేదు. 2025 నవంబరు 21న దుబాయి ప్రదర్శనలో తేజస్ విమానం కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ మరణించారు.

ఇవన్నీ పిల్లలను భయపెట్టడానికి చెప్పడం లేదు. చప్పట్లు కొన్ని నిమిషాలు, వాటి వెనుక సాధన ఏళ్లకొద్దీ. పైలట్ ఎగిరిన ప్రతి ఉదయం ఇంటి దగ్గర ఒక తల్లి, ఒక భార్య, పిల్లలు అతడు దిగే వేళకై ఎదురుచూస్తారు. మీ బిడ్డ ఆ దారి కోరితే వద్దని గదమాయించకండి, గొప్ప కోసం నెట్టనూ నెట్టకండి. లెక్కలు శ్రద్ధగా చదువుతున్నాడా, చెప్పిన మాట చెప్పినట్లు చేస్తాడా, తన పొరపాటు తానే ఒప్పుకుంటాడా అని గమనించండి. ఈ విద్యకు ధైర్యం కన్నా ఆ మూడూ ముందు కావాలి.

మరొక మాట. ఇంటి పెద్దలమైన మనమూ ముందు ఎగిరేవాళ్లమే. మన వెనుక వచ్చే చిన్నవాళ్లు నేలను చూడరు, మనల్నే చూస్తారు.