పతకం అంచు మీది పేరు

యుద్ధ పతకాల సేకరణ అనగానే సేనాధిపతుల శౌర్య చిహ్నాలే స్ఫురిస్తాయి. మమ్మల్ని ఆకర్షించినవి మాత్రం ఓడ అడుగున, కొలిమి వేడిలో నిలిచి బాయిలర్లకు బొగ్గు వేసిన స్టోకర్ల పతకాలు.

1914-18 యుద్ధానికి బ్రిటన్ ఇచ్చిన వెండి పతకం అంచును త్రిప్పి చూడండి. నావికుని సంఖ్య, పేరు, హోదా అచ్చొత్తి ఉంటాయి. సంఖ్యకు ముందు ‘కె’ అక్షరముంటే అతడు స్టోకర్ అని గ్రహించవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధపు తారలను బ్రిటన్ తన నావికులకు పేరు లేకుండానే ఇచ్చింది. భారతీయులకిచ్చిన వాటిపై మాత్రం పేరు ముద్రించారు. రాయల్ ఇండియన్ నేవీలో పనిచేసిన ఎందరో ముస్లిముల పేర్లు అలా లోహంపై నిలిచాయి.

1980లో వెండి ధర పెరిగినప్పుడు అనేక పతకాలు కొలిమి పాలయ్యాయి. చిత్రమే: కొలిమి ముందు సంపాదించినది కొలిమికే పోయింది!

మరణించినవాని పతకం కూడా అతని ఆస్తియే. అందులో కుమార్తెలకూ వాటా ఉన్నది. ఒక్క కుమారుడు అమ్మజూపితే, మిగిలిన వారసుల సమ్మతి అడిగి తెలుసుకొనకుండా కొనరాదని మా అభిప్రాయం. కొన్న తరువాత బూడిదతో తోమవద్దు. అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి.