బాగుచేయించిన ఇంజను స్లోలో ఎందుకు ఆగుతుంది?

ట్రాక్టరు ఇంజను బాగా వేడెక్కి గాస్కెట్టు కాలిపోయింది. హెడ్డు దింపించి, చదును చేయించి, కొత్త గాస్కెట్టు వేయించి ఇంటికి తోలుకొచ్చారు. దున్నేటప్పుడు బాగానే లాగుతోంది. గట్టున స్లోలో ఉంచితే మాత్రం ఊగిసలాడి ఆగిపోతోంది. మిరపకు మందు కొట్టే రోజుల్లో ఈ తంటా వస్తే, స్లో స్క్రూ ఒక చుట్టు తిప్పుదామనే ఎవరికైనా తోస్తుంది. దయచేసి తిప్పకండి. దానితో జబ్బు దాగుతుందే గాని పోదు. దాగిన జబ్బు మళ్లీ హెడ్డు దింపించవచ్చు.

కారణం చెబుతాను. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1897లో నడిపి చూపిన ఈ రకం ఇంజనులో నిప్పురవ్వ పెట్టే ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే నూనె అంటుకోవాలి. స్లోలో పిస్టను నిదానంగా కదులుతుంది గదా! వాల్వు దగ్గరో, గాస్కెట్టు దగ్గరో సన్నని సందు ఉన్నా గాలి జారిపోవడానికి వ్యవధి దొరుకుతుంది. వేగంలో అంత వ్యవధి ఉండదు.

అందుచేత రిపేరులో విప్పిన వాటినే ముందు చూడాలి. డీజిలు గొట్టాల్లో గాలి చిక్కితే ఇంజను ఎక్కుతూ దిగుతూ ఆడుతుంది. ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, నురగ పోయి నిండు ధార వచ్చాక బిగించండి. మర్నాడు మళ్లీ అదే వరస అయితే ఏదో వాషరు గాలి పీలుస్తోందన్నమాట.

తరువాత టాపెట్లు. హెడ్డు బోల్టులు మలివిడత బిగిస్తే టాపెట్ల సందు తగ్గుతుంది. సందు చాలకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. బోల్టులు ముందు, టాపెట్లు తరువాత. ఈ వరస తప్పరాదు. సందు ఎంతో బండి పుస్తకంలో ఉంటుంది, ఫీలరు గేజితో కొలిపించండి.

ఇక ఇంజను పూర్తిగా చల్లారాకనే రేడియేటరు మూత తీసి, స్టార్టు చేసి చూడండి. నీళ్లలో బుడగలు ఎడతెగకుండా వస్తుంటే గాస్కెట్టు పట్టలేదేమో, హెడ్డు చీలిందేమో చూపించాలి. ఇవన్నీ సరిపోయాకే స్లో స్క్రూ.

అసలు వేడి ఎందుకొచ్చిందో కూడా చూడాలి. చిలకలూరిపేట నుంచి పర్చూరు దాకా నల్లరేగడి చేలల్లో తిరిగే బండి రేడియేటరు రెక్కల మధ్య పత్తి పీచు, దుమ్ము పేరుకుంటాయి. ఇంజను ఆపి, చల్లారాక, ఫ్యాను వైపు నుంచి ముందుకు మెల్లగా నీళ్లు కొట్టండి. ఎదుటినుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. పత్తి తీసే రోజుల్లో ఈ రెక్కలను ప్రతి సాయంత్రం చూచుకోవాలి.