ఒక చెరువు, వేల తూములు

డెబియన్ 12 ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్‌లో ‘పిప్ ఇన్‌స్టాల్’ అని నేరుగా కొడితే పైథాన్ లైబ్రరీ దిగదు. ఈ పైథాన్ బాగోగులు వేరేవాళ్లు చూస్తున్నారు, నువ్వు చెయ్యి పెట్టకు అనే అర్థం వచ్చే ఎర్రర్ ఒకటి పడుతుంది. కంప్యూటర్ మనది, అందులో పైథాన్‌కు వేరే యజమానులేమిటి?

కథ 1993లో మొదలైంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇయాన్ మర్డాక్ ఆ ఆగస్టు 16న డెబియన్‌ను ప్రకటించాడు. ప్రోగ్రామును, దానికి ఇంకా ఏమేం కావాలో చెప్పే జాబితాను ఒకే మూటగా కడితే అది ప్యాకేజీ. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ‘ఆప్ట్’ ఆ జాబితా చదివి, కావలసినవన్నీ తానే తెచ్చిపెట్టసాగింది. ప్రతి మూటకూ ఒక మెయింటెయినర్ ఉంటారు, ఎక్కువమంది స్వచ్ఛందంగా చేసేవాళ్లే.

ఈలోగా భాషలు సొంత అంగళ్లు తెరిచాయి. పెర్ల్‌కు 1995లో సీపాన్, పైథాన్‌కు 2003లో పైపీఐ (పిప్ తెచ్చేది ఇక్కడి నుంచే). అక్కడ రాత్రి పెట్టిన కొత్త వెర్షన్ తెల్లారేసరికి లోకమంతా చేరుతుంది. డెబియన్ నడక వేరు. దాని స్టేబుల్ విడుదల సుమారు రెండేళ్లకోసారి వస్తుంది. ఆ మధ్యలో లోపం బయటపడితే, సాధారణంగా దిద్దుబాటును మాత్రమే తెచ్చి పాత వెర్షన్‌కే అతుకుతారు.

ఈ రెండు నడకలను కలపడమే మెయింటెయినర్ పని. ‘రిక్వెస్ట్స్’నే చూడండి. ఇంటర్నెట్‌తో మాట్లాడే ఈ పైథాన్ లైబ్రరీ ఒకప్పుడు ‘యుఆర్ఎల్‌లిబ్3’ అనే మరో లైబ్రరీ ప్రతిని తన పొట్టలోనే మోసుకొచ్చేది. డెబియన్ దాన్ని తీసేసి, అందరూ వాడే ప్రతికే ముడిపెట్టింది. ‘సర్టిఫై’ అనే ఇంకో లైబ్రరీ నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాను వెంట తెస్తుంది. డెబియన్‌లో అదీ సిస్టమ్ జాబితానే చూసేలా మార్చారు.

ఎందుకింత పట్టింపు? ఇంటింటికీ బావి ఉంటే, నీళ్లు చెడ్డ రోజున బావులన్నీ వెతుక్కోవాలి. ఊరికి ఒకే చెరువుంటే నీరటి ఒక్కచోట చూసుకుంటే చాలు, తూములన్నిటికీ మంచి నీరే పోతుంది.

అయితే చెరువు చెడితే ఊరంతా చెడుతుంది. 2006లో, ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు తయారుచేసే డెబియన్ ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో, తప్పులు వెతికే ఒక పరికరం ఇచ్చిన హెచ్చరికను ఆపడానికి కోడ్‌లో చిన్న మార్పు చేశారు. దాంతో తాళంచెవుల తయారీకి కావలసిన యాదృచ్ఛికత దాదాపు ఎండిపోయి, ప్రాసెస్ నంబరు ఒక్కటే మిగిలింది. ఒక్కో రకం చెవికి మామూలుగా 32,768 అవకాశాలే. వాటిని వరసగా ప్రయత్నించడం యంత్రానికి ఎంతసేపు? 2008 మే 13న సంగతి బయటపెట్టాక, ఆ కాలంలో చేసిన చెవులన్నీ పారేసి మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది.

చెరువులో పాత నీరు తోడెయ్యడమూ తేలిక కాదు. పైథాన్ 2కు 2020 జనవరి 1తో కాలం చెల్లింది. కానీ దాని మీద ఆధారపడ్డవి ఒక్కొక్కటీ పైథాన్ 3కు మారాలి, లేదా తప్పుకోవాలి. కొమ్మలు తీశాకే మొదలు నరకగలరు. 2023లో వచ్చిన డెబియన్ 12తో గానీ పైథాన్ 2 పూర్తిగా పోలేదు.

ఇక మొదటి ఎర్రర్ సంగతి. సిస్టమ్ పనిముట్లు కొన్ని పైథాన్‌లోనే రాసినవి. పిప్ తెచ్చిన కొత్త ప్రతి ముందు కనబడి, వాటికి అలవాటైన పాత ప్రతిని కప్పేస్తే అవి తడబడతాయి. అందుకే పైథాన్ ఫోల్డరులో చిన్న గుర్తు ఫైలు పెట్టారు. అది చూసి పిప్ ఆగిపోతుంది. ‘వెన్వ్’తో సొంత తొట్టి కట్టుకుంటే అందులో ఏ నీళ్లు పోసుకున్నా అడ్డులేదు.

కాదూ కూడదంటే దారి లేకపోలేదు. పిప్ కమాండు చివర ఒక ఆప్షన్ చేర్చాలి. దాని పేరు ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’. గండి కొట్టనిస్తారు, కాకపోతే గండి కొడుతున్నానని మన చేతే రాయించుకుంటారు.