ముందు తెలిసింది కోడలికి... ముందు సోకింది ఎవరికి?

ఎయిడ్స్ ప్రస్తావన శుక్రవారం పేజీలో ఎందుకని కొందరు అడగవచ్చు. ఇళ్లలో జరుగుతున్నది చూశాకే రాస్తున్నాం.

హెచ్‌ఐవీ సోకిన 2 నుంచి 4 వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు వచ్చి వాటంతటవే పోతాయి. తర్వాత ఏళ్ల తరబడి ఏమీ ఉండదు. మనిషి దుకాణానికి వెళతాడు, నమాజుకు వస్తాడు. మందులు వాడకపోతే సాధారణంగా 8, 10 ఏళ్లకు బరువు తగ్గడం, నెల దాటినా ఆగని విరేచనాలు, నోటిలో తెల్లని పూత బయటపడతాయి. మన దేశంలో ఈ రోగులను ఎక్కువగా పట్టి పీడించేది క్షయ. అందుకే క్షయ అని తేలినవారికి హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు.

మన దేశంలో ఈ వైరస్ ఎక్కువగా వ్యాపించింది స్త్రీ పురుష సంబంధాల ద్వారానే. భర్త వల్ల సోకిన ఇల్లాళ్లు ఎందరో! అయితే గర్భిణులకు ఆస్పత్రిలో ఈ పరీక్ష చేస్తారు గనుక చాలా ఇళ్లలో మొదట బయటపడేది ఆమె సంగతే. అత్తవారు ఆమెనే వేలెత్తి చూపుతారు, పుట్టింటికి పంపేస్తారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు. శీలవతిపై నలుగురు సాక్షులు లేకుండా నింద వేసేవారికి 80 కొరడా దెబ్బలని సూరె నూర్‌లో ఉంది. అది చదివినవారే ఇలా బొహ్తాన్‌కు దిగుతుంటే ఏమనాలి?

కోడలి రిపోర్టు వచ్చిన రోజే కొడుకునూ పరీక్షకు పంపండి. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష ఉచితం. 2004లో మొదలైన ఉచిత మందులు నేడు జిల్లాల్లోనూ దొరుకుతున్నాయి. వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. తల్లి రోజూ మందు వేసుకుంటే బిడ్డకు సోకే ముప్పు చాలావరకు తప్పుతుంది.