మరుగుదొడ్డి సామాను మన అంగట్లోనే దొరకాలి



వ్యవసాయ విస్తరణాధికారి విత్తనం గురించో, మొగిపురుగు గురించో చెప్పవలెను గాని మరుగుదొడ్డి ముచ్చట ఎందుకెత్తినాడని మీరు అనుకొందురేమో. దానికి రెండు కారణాలున్నవి. ఒకటి, ఆ గుంతలో చివరికి తయారయ్యేది ఎరువు. ఎరువు సంగతి చెప్పడం నా ఉద్యోగం. రెండవది కొంచెం సిగ్గుపడి చెప్పుకోవలసిన సంగతి.

2018లో నేను ఉద్యోగానికి కొత్త. ఆ రోజుల్లో ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టించాలని ఊరూరా తొందర. మా శాఖ, మీ శాఖ అన్న తేడా లేకుండా అందరమూ ఇళ్ల వెంట తిరిగినాము. మా క్లస్టరులో ఒక పెద్దాయన ఉన్నాడు. నేను చెప్పిన విత్తనమే వేస్తాడు, నేను చెప్పిన మందే కొడతాడు. ఆయన వాకిట్లో కూర్చొని, "కట్టించు కాకా, సర్కారు పైసలిస్తుంది, నేనున్నాను గదా" అన్నాను. ఆయన సరేనన్నాడు. పని ఒక గుత్తేదారు చేతికి పోయింది. అతను ఒకే గుంత తవ్వించి, రింగులు దించి, అడుగున సిమెంటు పోసి మూసినాడు. పట్నంలో వాడే బేసిను తెచ్చి బిగించినాడు. ఫొటో తీసుకొని పోయినాడు. అడుగు మూసిన గుంతలో నీరు ఇంకేదెక్కడ? వానకాలం దాటకముందే నిండి పొంగింది. ఇప్పుడా గదిలో కట్టెలున్నవి, కోళ్లు పడుకుంటున్నవి.

ఆ తరువాత నేను విత్తన శుద్ధి గురించి చెప్పబోతే పెద్దాయన అన్న మాట ఇది: "సారూ, ఇత్తునాల కాడ నీ మాట ఇంట. గా దొడ్డి మాట మాత్రం నా దగ్గర ఎత్తకు."

ఆ మాటలో నాకొక పాఠం కనిపించింది. విత్తనం మొలవకపోతే ఆయన ఏం చేస్తాడు? మండలంలో దుకాణం ముందర కూర్చుని నిలదీస్తాడు. దుకాణదారు వచ్చే కారుకు మళ్లీ ఆయనకే అమ్ముకోవాలి గనుక జవాబు చెప్పక తప్పదు. బేసిను పని చేయకపోతే మాత్రం అడగడానికి మనిషి లేడు. గుత్తేదారు మళ్లీ ఆ ఊరి ముఖం చూడనక్కరలేదు. అమ్మినవాడు, కట్టినవాడు మన మధ్యనే ఉండి, రేపు మరొక ఇంట్లో పని దొరకాలంటే ఈ ఇంట్లో పని బాగుండాలన్న భయం ఉన్నవాడైతే గుంత అడుగు అట్లా మూయడు. నేనీరోజు చెప్పదలచింది ఆ అంగడి సంగతే.

ముందు సరుకేమిటో తెలియాలి. పల్లెకు నప్పేది రెండు గుంతల మరుగుదొడ్డి. బేసిను నుంచి వచ్చే గొట్టం ఒక చిన్న తొట్టిలో పడుతుంది. అక్కడి నుంచి రెండు గుంతలకు రెండు దారులు. ఒక దారి ఇటుకతో మూసి, రెండవది తెరిచి ఉంచాలి. గుంత మీటరు వెడల్పు, గొట్టం కింద నుంచి మీటరు లోతు ఉంటే అయిదారుగురున్న ఇంటికి సుమారు మూడేళ్లు వస్తుంది. గుంతకూ గుంతకూ మధ్య కనీసం మీటరు ఎడం ఉండాలి. రింగులకు బెజ్జాలుండాలి, అడుగున మట్టే ఉండాలి. నీరు భూమిలోకి ఇంకిపోవడమే దీని కిటుకు. మొదటిది నిండగానే ఇటుక అటు మార్చి, రెండవ గుంత వాడుకోవలెను. స్నానం నీరు, వంటింటి నీరు ఇందులోకి వదలరాదు. తాగే నీటి బావికి, బోరుకు కనీసం పది మీటర్ల దూరం చూసుకోండి. నల్లరేగడి నేలల్లో నీరు తొందరగా ఇంకదు. అక్కడ గుంత చుట్టూ 30 సెంటీమీటర్ల మందాన ఇసుక, కంకర వరస పోయాలి. ఈ ఒక్క సంగతి తెలియక నల్లరేగడి ఊళ్లలో ఎన్ని గుంతలు చెడినవో.

అన్నిటికంటే ముఖ్యమైనది బేసిను. పల్లె బేసినుకు వాలు ఎక్కువ, అడుగున వంపు గొట్టంలో నిలిచే నీరు 20 మిల్లీమీటర్లే. అందుకని లీటరున్నర, రెండు లీటర్ల నీటికి శుభ్రమవుతుంది. పట్నం బేసినుకు వాలు తక్కువ, నిలిచే నీరు 50 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దానికి బకెట్లకు బకెట్లు పోయాలి. ఆ నీళ్లు మోసేదెవరు? ఇంటి ఆడవాళ్లు. రెండు రోజులు మోస్తారు, మూడో రోజు వాసన పట్టిన గదికి తాళం వేసి, చెంబు పట్టుకొని చీకట్లో చేను గట్టుకు పోతారు. పాము, తేలు, వాన అన్నీ వాళ్లకే. అప్పుడు మనం "పల్లెవాళ్లకు అలవాటు లేదు, చెప్పినా వినరు" అంటాము. అలవాటు సంగతి కొంత నిజమే. కాని తప్పుడు బేసిను అమ్మి అలవాటు మీద నెపం వేయడం న్యాయం కాదు.

మరి మంచి బేసిను కొనుక్కోవచ్చును గదా అంటారా? కిందటి ఏడు నేను కావాలనే ఒక రైతు వెంట తిరిగి చూసినాను. బేసినుకు ఒక హార్డువేరు దుకాణం. అక్కడ పట్నం బేసినే ఉంది, పల్లె బేసిను ఉంటుందన్న సంగతే అతనికి తెలియదు. గొట్టాలకు ఇంకొక దుకాణం. రింగులకు ఊరి బయట పోత పోసేవాని దగ్గరికి, అక్కడ బావుల కోసం పోసిన పెద్ద రింగులే, బెజ్జాలు లేవు. ఇసుకకు ట్రాక్టరు వేరే. రెండు ఆటో కిరాయిలు, ఒక రోజు కూలి పోయినవి. సాయంత్రానికి మేస్త్రి దొరికితే, అతనికి రెండు గుంతల పద్ధతి తెలియదు. "పెద్ద సెప్టిక్ ట్యాంకు కట్టుకో, జన్మకు సరిపోతది" అన్నాడు. రైతు ఇంటికి వచ్చి పైసలు మళ్లీ పెట్టెలో పెట్టినాడు. పేదరికం ఒక అడ్డమే, కాని ఆ రోజు ఆ రైతును ఆపింది పేదరికం కాదు.

ఇదే చిక్కు కంబోడియా దేశంలోనూ ఉండేది. అక్కడివాళ్లూ మనలాగా వరి పండించేవాళ్లే. 2009 ప్రాంతంలో ఐడీఈ అనే సంస్థ ఆ పల్లెల్లో మరుగుదొడ్లు పంచడం మాని, అమ్మకం ఎందుకు జరగడం లేదో చూసింది. బేసిను, తొట్టి, గొట్టం, మూడు రింగులు కలిపి ఒకే కట్టగా చేసింది. ఊళ్లలో అంతకుముందే రింగులు పోసుకొని బతుకుతున్న చిన్న వ్యాపారులకు అచ్చులు చూపించి, పని నేర్పింది. సరుకు బండి మీద ఇంటి ముందరికే వస్తుంది. ధర తొలి ఏళ్లలో నలభై డాలర్ల లోపు. ఊరి సభలు పెట్టి, చూపించి, అమ్మినవానికి ఇంత అని కమీషను ఇచ్చారు. కొద్ది ఏళ్లలోనే లక్షకు పైగా ఇళ్లు తమ పైసలతో కొన్నవి. చిక్కులు లేవని కాదు. పైన గది ఆ ధరలో లేదు. చాలామంది మంచి గోడలు కట్టుకొనేదాకా ఆగుదామని రింగులు వాకిట్లోనే పడవేసుకున్నారు. ఒక్క గుంతే గనుక నిండితే ఏమిటన్న ప్రశ్న మిగిలింది. తరువాత రెండవ గుంతనూ అమ్మకానికి తెచ్చారు.

అంత దూరం పోనక్కరలేదు. మన దేశంలోనే, పశ్చిమ బెంగాలు మిద్నాపూరు జిల్లాలో 1990లో రామకృష్ణ మిషన్ లోకశిక్షా పరిషత్తు, యునిసెఫ్ కలిసి ఈ పని మొదలుపెట్టినవి. బ్లాకుల్లో ఉత్పత్తి కేంద్రాలు తెరిచి, ఊరి యువకులకు, ఆడవాళ్లకు బేసిన్లు, పలకలు పోయడం నేర్పినారు. మేస్త్రీలకు శిక్షణ ఇచ్చారు. అతి తక్కువ ధర నమూనా దగ్గర నుంచి పక్కా గది దాకా రకరకాలు పెట్టి, ఎవరి తాహతుకు తగినది వారు కొనుక్కొనేటట్లు చేసినారు. ఉచితంగా ఇచ్చింది చాలా తక్కువ. ఇది చూసే 1999లో మొదలైన సంపూర్ణ పారిశుద్ధ్య పథకంలో గ్రామీణ సామాను దుకాణాలకు చోటిచ్చారు. కాని చాలా చోట్ల ఆ దుకాణాలు పథకం సరుకు పంచే గోదాములై కూర్చున్నవి. పథకం డబ్బు ఆగగానే దుకాణమూ మూతపడింది. కొనేవానిని కాకుండా బిల్లును నమ్ముకొన్న దుకాణం అంతే.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. అర్హులైన ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకం వచ్చింది. 2019 అక్టోబరు 2న దేశంలో పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన లేనివని ప్రకటించారు. ఎన్నో ఇళ్లకు మేలు జరిగింది, కాదనను. కాని కట్టినవి చెడిపోతే బాగు చేసేవాడు కావాలి, వేరుపడిన కొడుకు ఇంటికి కొత్తది కావాలి, ఒక గుంత ఉన్నవానికి రెండవది కావాలి. ఈ పని పథకంతో తీరేది కాదు, అంగడితో తీరేది.

ఇక తోటి విస్తరణ సిబ్బందికి ఒక మాట. మండలంలో రింగులు పోసేవాడు ఒకడైనా ఉంటాడు. ముందు అతని దగ్గరికి పోండి. బెజ్జాల రింగుకు అచ్చు మార్చుకోవడం పెద్ద ఖర్చు కాదు. రింగు పోసిన తరువాత కనీసం వారం పది రోజులు తడపాలని గట్టిగా చెప్పండి. ఎండకు వదిలేసిన రింగు బండి దించేటప్పుడే పగులుతుంది, పేరు పోతుంది. పల్లె బేసిన్లు అయిదారు తెప్పించి అతని దగ్గరే ఉంచమనండి. ఇద్దరు మేస్త్రీలకు ఒక్క ఇంటి దగ్గర పని చేయించి నేర్పితే చాలు, మిగిలినది వాళ్ల కూలి వాళ్లకు నేర్పుతుంది. ఆ మొదటి ఇల్లు నలుగురు వచ్చిపోయే దారిలో ఉండాలి. మన ప్రదర్శన క్షేత్రం లాంటిదే ఇదీ. ధర మాత్రం పలక మీద రాయించండి. కట్ట మొత్తానికి ఒకే ధర, బండి కిరాయితో సహా. ఈ పలక లేనిచోట మొహం చూసి ధర చెప్తారు.

కాలం కూడా చూడాలి. నాట్లప్పుడు, ఎరువుల కొనుగోలప్పుడు పోయి మరుగుదొడ్డి అంటే రైతు దండం పెట్టి పంపిస్తాడు. వడ్లు కాంటా అయి పైసలు చేతికొచ్చే రోజుల్లో పోవాలి. మన దగ్గర చాలా ఊళ్లలో వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపేది మహిళా సంఘాలే. ఆ అక్కలకే ఈ కట్ట చూపించండి, సంఘం అప్పు నుంచి వాయిదాల మీద కొనుక్కొనే వీలుందేమో వాళ్లే లెక్క కడతారు. నా అనుభవంలో మొగవాళ్ల సభలో గంట చెప్పినదానికన్నా సంఘం సమావేశంలో పావుగంట చూపించినదే పని చేసింది.

గుంత తీసేదెవరు అన్న ప్రశ్న అన్ని సభల్లోనూ వస్తుంది. జనం పెద్ద ట్యాంకు కావాలనేది ఇందుకే. ఆ ప్రశ్న వెనుక కులం ఉంది, దాచడమెందుకు? ఆ పని ఇంకెవరో చేయాలని తరతరాలుగా అనుకోవడం వల్లనే, తన ఇంటి గుంత తాను ముట్టుకోవడమనే మాట గొంతు దిగదు. పెద్ద ట్యాంకు జన్మకు సరిపోదు, ఎప్పుడో ఒకప్పుడు నిండుతుంది. మనిషిని రక్షణ లేకుండా అందులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, ప్రాణాలు పోయిన సంగతులు మీరూ వింటున్నారు. రెండు గుంతల పద్ధతిలో ఆ అవసరమే రాదు. మూసిన గుంతను ఏడాదిన్నర, రెండేళ్లు కదపకుండా ఉంచితే లోపలిది పొడి మట్టిలాగా మారుతుంది, వాసన ఉండదు. 2017 ఫిబ్రవరిలో మన వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, ఇతర రాష్ట్రాల అధికారులతో కలిసి ఇట్లాంటి గుంతలో దిగి తమ చేతులతో ఎరువు తీసినారు. నేను ఈ మాట చెప్పినప్పుడల్లా సభలో ఎవరో ఒకరు నవ్వుతారు, ఆ తరువాత ఆలోచిస్తారు.

ఆ ఎరువును పచ్చిగా తినే కూరలకు కాకుండా, చెట్లకు, చేను పంటలకు దుక్కిలో కలిపేటట్లు వేయండి. రెండేళ్లు నిండకముందు తీయవద్దు. నులిపురుగుల గుడ్లు చావడానికి ఆ గడువు కావాలి.

కొనబోయే ముందు మీరే చూడవలసినవి: రింగును వేలితో తట్టితే గంటలాగా మోగాలి. బొదబొదమంటే వద్దు. బేసినులో రెండు లీటర్ల నీళ్లు పోసి చూపించమనండి. ఒక్కసారికే కొట్టుకుపోవాలి. గుంత అడుగున సిమెంటు పోస్తానంటే ఆ మేస్త్రిని మార్చండి.

మా పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. కిందటి యాసంగి వడ్లు అమ్మినాక, ఆయన కోడలు సంఘంలో మాట్లాడి కట్ట తెప్పించింది. పాత గుంత మట్టితో పూడ్చి, రెండు కొత్తవి తవ్వినారు. నేను పోయేసరికి మేస్త్రి బేసిను బిగిస్తున్నాడు. పెద్దాయన నాతో మాట్లాడలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి తానే బేసినులో పోసి చూసుకున్నాడు. మరొకసారి పోసినాడు. అప్పుడు అడిగినాడు: "సారూ, మొదటి గుంత ఎప్పుడు తీయాలె? పత్తి చేనుకు పనికొస్తదా?"

నిండడానికి మూడేళ్లు, మాగడానికి రెండేళ్లు, ఆ పైన పత్తి దుక్కిలో వేసుకో కాకా అని చెప్పినాను.