మంగ్నీ ఉంగరం: కోల వజ్రం, పక్కన చిన్న రవ్వలు

సంబంధం కుదిరిన ఇంట్లో మొదట మహర్ గురించి మాట్లాడుకోవాలి. కాని ఈ రోజుల్లో మన ఇళ్లలో ముందుగా వినబడుతున్నది ఉంగరం మాట. మా దగ్గర చదువుకొన్న ఒక అబ్బాయి మొన్న తన అమ్మీని వెంటబెట్టుకొని వచ్చి, సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. మధ్యలో కోలగా ఒక వజ్రం, దానికి అటూ ఇటూ కనీకనబడనట్లు చిన్న రవ్వలు. "ఉస్తాద్‌జీ, అమ్మాయికి ఇలాంటిదే ఇష్టమట. ఇది కొంటే ఇస్రాఫ్ అవుతుందా?" అని అడిగాడు. "మా రోజుల్లో ఒక సాదా అంగూఠీ తొడిగితే అయిపోయేది మౌల్వీ సాబ్" అని ఆ తల్లి నిట్టూర్చింది.

దైవప్రవక్త (స) తన సముదాయంలోని స్త్రీలకు బంగారాన్ని అనుమతించారు, పురుషులకు నిషేధించారు. ఆయన ధరించినది వెండి ఉంగరం. దానిపై మూడు పంక్తుల్లో "ముహమ్మద్ రసూలుల్లాహ్" అని చెక్కబడి ఉండేది, రాజులకు పంపే లేఖలపై దానితోనే ముద్ర వేసేవారు. వివాహం చేసుకోదలచిన ఒక పేద సహాబీని, ఇనుప ఉంగరమైనా సరే వెతికి తెమ్మని ఆయన చెప్పిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. అది కూడా దొరకనప్పుడు, అతనికి వచ్చిన ఖుర్ఆన్ సూరాల మీదనే నికాహ్ జరిపించారు. కనుక చిన్న ఉంగరం పెట్టడం అవమానమేమీ కాదు. స్తోమత ఉన్నవాడు వజ్రం పెడితే అది పాపమూ కాదు. మేము ఆ అబ్బాయిని అడిగింది ఒక్కటే: "డబ్బు ఎక్కడిది?" అతను తల దించుకొని, వాయిదాల మీద తీసుకొంటున్నానన్నాడు. వాయిదాతో పాటు వడ్డీ కూడా ఉంది. అసలు భయపడవలసినది అక్కడ. నికాహ్ కాకముందే వడ్డీని ఇంట్లోకి పిలుచుకోవడమేమిటి?

వాయిదా కాగితాలు పక్కన పెట్టించి, చేతిలో ఉన్న డబ్బుకు ఏం వస్తుందో చూద్దామని అతని వెంట దుకాణానికి వెళ్లాము. మదరసాలో చదివినవాళ్లకు వజ్రాల సంగతి ఏం తెలుసునని పాఠకులు నవ్వవచ్చు. మేము గుంటూరు వాళ్లం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల ప్రాంతం ఒకప్పుడు మా జిల్లాలోనిదే. కోహినూర్ అక్కడిదేనని అంటారు. 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా లోకానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్లేవి. అదలా ఉంచి, దుకాణంలో కళ్లజోడు పెట్టుకొన్న ఒక పెద్ద పనివాడు ఓపికగా చెప్పిన విషయాలు మా కుటుంబాలన్నిటికీ పనికివచ్చేవే.

ఒకే బరువున్న గుండ్రని రాయినీ, కోల రాయినీ పక్కపక్కన పెడితే కోలదే కొంచెం పెద్దదిగా కనబడుతుంది. వేలు కూడా సన్నగా, పొడవుగా అనిపిస్తుంది. అంటే తక్కువ బరువుతో నిండుదనం వస్తుందన్నమాట. మొనలు లేవు కనుక అంచు విరిగే భయమూ తక్కువే. కాని కోల రాయికి ఒక గుణం ఉంది. మధ్యలో అడ్డంగా, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు ఒక నల్లని నీడ పడుతుంది. కొంచెం నీడ చాలా రాళ్లలో ఉండేదే. అది చిక్కగా ఉంటే మాత్రం రాయి చచ్చిపోయినట్లు కనబడుతుంది. ఈ నీడ ఎంత ఉన్నదీ సర్టిఫికెట్టు చదివితే తెలియదు. దుకాణంలో దీపాల కింద ఏ రాయైనా మెరుస్తుంది కనుక, గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో, వేలిని అటూ ఇటూ తిప్పి చూడాలి. మేము అలాగే చేశాము. ఐదు రాళ్లలో మూడింటిని గుమ్మం దగ్గరే వద్దన్నాము.

ఇక పక్కనుండే రవ్వలు. వాటి రంగు మధ్య రాయికి కలవాలి. తెల్లని రవ్వల నడుమ కాస్త పసుపు తిరిగిన రాయి పెడితే దాని లోపం ఇంకా బయటపడుతుంది. కోల రాయికి రంగు రెండు కొసల దగ్గర ఎక్కువగా తేలుతుంది. పచ్చని బంగారంలో పొదిగితే అది అంతగా కనబడదు. వలయం చుట్టూ రవ్వలు పొదిగించుకొంటే, రేపు వేలు లావైనప్పుడు సైజు మార్చడం కష్టం. పై భాగాన అటొకటి ఇటొకటి చాలు. ఉంగరం బిగుతుగా ఉంటే వజూలో దాన్ని కదిలించి కిందికి నీళ్లు చేరేలా చూడాలి. ఈ సంగతి మన ఆడపిల్లలకు తెలిసినదే.

బిల్లు దగ్గర మొహమాటపడకూడదు. బంగారం బరువు వేరుగా, వజ్రాల క్యారట్లు వేరుగా రాయించాలి. ఒక క్యారట్ అంటే 0.2 గ్రాములు. రాళ్ల బరువును బంగారంలో కలిపి తూస్తే రాయికి బంగారం ధర కట్టినట్లవుతుంది, ఆపైన రాయి ధర మళ్లీ వేరే. రాళ్లు గట్టిగా నిలవడానికి సాధారణంగా 18 క్యారట్ల బంగారం వాడతారు. దానిపై 750 అన్న గుర్తు, ఆరు అక్షరాల హాల్‌మార్కు సంఖ్య ఉండాలి. ఆ గుర్తు బంగారానికే గాని రాయికి కాదు. ప్రయోగశాలలో తయారైన వజ్రం కూడా నిజమైన వజ్రమే, ధర మాత్రం చాలా తక్కువ. కంటితో చూసి ఏది గనిదో, ఏది ప్రయోగశాలదో చెప్పడం ఎవరి తరమూ కాదు. తెలిసి కొనుక్కొంటే తప్పేమీ లేదు. చెప్పకుండా గని ధరకు అమ్మడం మాత్రం, పైన పొడి ధాన్యం పోసి అడుగున తడిది దాచిన ఆ మదీనా వర్తకుడి పనే.

దుకాణం మెట్లు దిగుతూ ఆ తల్లికి ఒక పాత సంగతి చెప్పాము. మాకు తెలిసిన రెండు కుటుంబాల మధ్య మంగ్నీ చెడిపోయింది. ఉంగరం తిరిగి ఇమ్మని మగపెళ్లివారు, పెట్టింది ఎలా అడుగుతారని ఆడపెళ్లివారు. మస్జిదులో పెద్దలు మూడు జుమాలు వరుసగా కూర్చోవలసివచ్చింది. ఆ ఉంగరం మహర్‌లో భాగమా, కానుకా అన్నది తొడిగిన రోజున ఎవరూ చెప్పుకోలేదు మరి. మహర్‌గా ముందే ఇచ్చినదైతే, నికాహ్ జరగనప్పుడు అది తిరిగి వెళ్లాలి. కానుక విషయంలో హనఫీ ఫిఖహ్ ఏమంటుందంటే, వస్తువు ఉన్నది ఉన్నట్లు ఉంటే తిరిగి కోరవచ్చు, ఖర్చయిపోయినదాన్ని కోరరాదు. ఈ మాట ముందే అనుకొని ఉంటే ఆ ఆడపిల్ల పేరు మూడు వారాలు వీధిలో నలిగేది కాదు.

అబ్బాయి చివరికి అర క్యారట్ కన్నా తక్కువ బరువున్న కోల రాయి, ఇరువైపులా ఒక్కొక్క రవ్వ ఉన్నది తీసుకొన్నాడు. డబ్బంతా అక్కడికక్కడే చెల్లించాడు. ఆడపెళ్లివారు తనకు పెడతామన్న బంగారు ఉంగరం వద్దని, వెండిది చాలని కబురు చేశాడు. జోడే కీ రఖమ్ ఊసు వాళ్లూ ఎత్తలేదు, వీళ్లూ అడగలేదు. మంగ్నీ నాడు ఉంగరం మహర్‌లోనిది కాదు, కానుక అని రెండు వైపుల పెద్దలూ ఒక కాగితం మీద రాసుకొన్నారు. నికాహ్ కాలేదు కనుక అబ్బాయి మగవాళ్ల గదిలోనే కూర్చున్నాడు. లోపల తల్లి కోడలి వేలికి ఉంగరం తొడిగింది. కాస్త వదులైందట, మరునాడే దుకాణానికి పంపారు.