చెరువుకట్ట: ఊట, మత్తడి

షాబాద్, చేవెళ్ల ప్రాంతపు పాత చెరువుకట్టలు మట్టివి. మట్టికట్టలో నీరు కొంత ఊరుట సహజము. ఆ నీరు తేటగా నున్నచో భయము తక్కువ. బురదగా నున్నచో కట్టలోని మట్టియే కొట్టుకొని పోవుచున్నదని గ్రహింపవలెను. ఆ సన్నని దారియే సొరంగమై, తుదకు కట్ట తెగును.

ఊటను వెలుపల బంకమట్టితో మూయరాదు. లోపల నీటి ఒత్తిడి పెరుగును. ఇసుకను, దానిపై కంకరను పరచినచో నీరు పోవును, మట్టి నిలుచును. బంకమట్టి దట్టింపవలసినది చెరువులోపలి వాలునకు.

మత్తడి, అనగా అలుగు, మిగులునీటికి దారి. నీరు ఎక్కువ నిలుపుటకై దానిపై రాళ్లు పేర్చినచో వరద కట్టపై పొర్లి, వెలుపలి వాలును కోసివేయును. 1958లో కడెం ప్రాజెక్టు మట్టికట్ట అలుగుకు మించిన వరద వలననే తెగెను. పిమ్మట అదనపు గేట్లు నిర్మించిరి. కట్టను ఎంత గట్టిపరచినను, మత్తడి చాలనిచో దిగువ పొలములకు రక్షణ లేదు.